ఈజిప్టు రాచరికం: ముగ్గురి తగవులో ముప్పై ఏళ్ళు

ఈజిప్టు రాచరికం అనగానే చాలామందికి గుర్తుకొచ్చేది ఫారూక్ రాజే. ఎర్రరంగు కార్ల వరస, తెల్లవార్లూ సాగే జూదం, ఏటికేడు పెరుగుతూ పోయిన శరీరం, చివరికి 1952 జులైలో అలెగ్జాండ్రియా నుంచి ఇటలీకి వెళ్ళిపోయిన రాచనౌక. వీటిలో అబద్ధమేమీ లేదు. అయితే రాజు దుబారా వల్లే రాజ్యం కూలిందని సరిపెట్టుకుంటే, 1922 నుంచి 1952 వరకు ఆ దేశంలో జరిగినదానిలో ముఖ్యమైనదంతా చేజారిపోతుంది. ఆ కాలపు ఈజిప్టుకు రాతపూర్వకమైన రాజ్యాంగం ఉంది, రెండు సభల పార్లమెంటు ఉంది, పల్లెల దాకా పాకిన పార్టీ ఉంది, అరబ్బు దేశాలన్నీ చదివే పత్రికలూ వినే పాటలూ ఉన్నాయి. స్వేచ్ఛగా జరిగిన ప్రతి ఎన్నికలోనూ ఒకే పార్టీ, వఫ్ద్, గెలిచింది. అయినా ఆ పార్టీ అధికారంలో ఉన్న కాలమంతా కలిపితే ఎనిమిదేళ్ళకు అటూ ఇటూ మాత్రమే. మిగిలిన ఇరవై రెండేళ్ళు దేశాన్ని ఏలినవాళ్ళు ఎవరు, వాళ్ళకు ఆ అధికారం ఎక్కడినుంచి వచ్చింది అన్నదే ఇక్కడి అసలు చిక్కు.

సగం చేతికిచ్చిన స్వాతంత్ర్యం

బ్రిటిష్ సైన్యం 1882లో ఈజిప్టును ఆక్రమించింది. కొద్దికాలం ఉండి వెళ్ళిపోతామని చెప్పి కూర్చున్న ఆ సైన్యం డెబ్బై ఏళ్ళకు పైగా కదలలేదు. కాగితం మీద మాత్రం ఈజిప్టు ఒట్టొమాన్ సామ్రాజ్యంలో భాగంగానే ఉండేది, ముహమ్మద్ అలీ వంశంలోని ఖెదీవులు, అంటే ఒట్టొమాన్ సుల్తాను పేర ఏలే పాలకులు, గద్దె మీదే ఉండేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో తుర్కీ శత్రుపక్షాన చేరడంతో ఆ ముసుగుతో పని లేకుండా పోయింది. 1914 డిసెంబరులో బ్రిటన్ ఈజిప్టును తన రక్షిత రాజ్యంగా ప్రకటించి, అప్పటి ఖెదీవును తొలగించి, అదే వంశంలోని మరొకరిని సుల్తానుగా కూర్చోబెట్టింది. యుద్ధకాలంలో పల్లెల నుంచి మనుషులను, ఒంటెలను, ధాన్యాన్ని సైన్యం కోసం తరలించుకుపోయారు. ఆ కోపం పల్లెల్లో అలాగే మిగిలిపోయింది.

యుద్ధం ముగిసిన రెండో రోజున, అంటే 1918 నవంబరు 13న, జాతీయవాద నాయకుడు సాద్ జగ్లూల్ ఇద్దరు సహచరులతో కలిసి బ్రిటిష్ హైకమిషనర్ దగ్గరకు వెళ్ళి, దేశ స్వాతంత్ర్యం గురించి మాట్లాడేందుకు ప్రతినిధి బృందాన్ని ఐరోపాకు వెళ్ళనివ్వమని అడిగాడు. ప్రజల తరఫున మాట్లాడే హక్కు మీకెక్కడిదని ఎదురుప్రశ్న వచ్చింది. దానికి జవాబుగా జగ్లూల్ మనుషులు ఊరూరా తిరిగి సంతకాలు సేకరించారు. ఆ బృందమే వఫ్ద్ అనే పేరుతో తర్వాత పార్టీగా స్థిరపడింది. 1919 మార్చి 8న జగ్లూల్‌ను అరెస్టు చేసి మాల్టా ద్వీపానికి పంపేసరికి దేశం భగ్గుమంది. విద్యార్థులు, న్యాయవాదులు, రైల్వే కార్మికులు వీధుల్లోకి వచ్చారు. పల్లెల్లో రైలు పట్టాలు పీకేశారు. పరదాల చాటున బతికే ఇళ్ళ స్త్రీలు కైరోలో ఊరేగింపు తీశారు. ఇస్లామిక్ విద్యకు కేంద్రమైన అల్ అజ్హర్ మసీదు వేదిక మీద క్రైస్తవ పూజారి ప్రసంగించాడు. నెలవంక, శిలువ కలిసిన జెండాలు ఎగిరాయి. ఈజిప్టు సొంత క్రైస్తవ శాఖ అయిన కోప్టిక్ క్రైస్తవులు వఫ్ద్ నాయకత్వంలో చివరిదాకా ప్రముఖంగా ఉండటానికి పునాది ఆ రోజుల్లోనే పడింది.

చర్చలతో దారికి రాకపోయేసరికి బ్రిటన్ 1922 ఫిబ్రవరి 28న ఎవరి సంతకమూ అక్కరలేని ఏకపక్ష ప్రకటన చేసి, ఈజిప్టు స్వతంత్ర దేశమని చెప్పింది. అదే ప్రకటనలో నాలుగు విషయాలు మాత్రం తన చేతిలోనే పెట్టుకుంది: సామ్రాజ్య రాకపోకల భద్రత, ఈజిప్టు రక్షణ, విదేశీయుల, అల్పసంఖ్యాకుల ప్రయోజనాల సంరక్షణ, సూడాన్. సూయజ్ కాలువ, సైన్యం, పెట్టుబడులు, నైలు నది ఎగువ ప్రాంతం ఈ నాలుగింటిలోనే ఇమిడి ఉన్నాయి కనుక, స్వాతంత్ర్యంలో ఇంకేం మిగిలిందని వఫ్ద్ అడగడంలో న్యాయముంది. రెండు వారాల తర్వాత సుల్తాన్ ఫువాద్ రాజు ఫువాద్ అయ్యాడు.

1923లో రాజ్యాంగం వచ్చింది. బెల్జియం రాజ్యాంగాన్ని నమూనాగా పెట్టుకుని ముప్పైమంది సభ్యుల సంఘం దాన్ని రాసింది. తమను పక్కన పెట్టి ఏర్పాటు చేసిన ఆ సంఘాన్ని జగ్లూల్ దుర్మార్గుల సంఘమని ఈసడించాడు. విచిత్రమేమిటంటే, తర్వాతి ముప్పై ఏళ్ళూ ఆ రాజ్యాంగానికి కాపలా కాసింది ఆయన పార్టీయే, దాన్ని తుంగలో తొక్కినవాళ్ళలో అది రాసినవాళ్ళ పక్షం కూడా ఉంది. వయోజన పురుషులందరికీ ఓటు ఇచ్చిన ఆ రాజ్యాంగం రాజుకు కూడా తక్కువేమీ ఇవ్వలేదు. ప్రధానమంత్రిని నియమించడం, తొలగించడం, ప్రతినిధుల సభను రద్దు చేయడం, సెనేట్‌లో ఐదింట రెండు వంతుల సభ్యులను తానే నియమించడం, పాషా, బే బిరుదులు ఇవ్వడం అన్నీ రాజు చేతిలో పెట్టింది.

గెలిచినవాడు ఏలని రాజ్యం

కైరోలో అధికారం మూడు చోట్ల ఉండేది. ఒకటి అబ్దీన్ రాజభవనం. రెండోది నైలు ఒడ్డున బ్రిటిష్ ప్రతినిధి నివాసం. మూడోది జాతి గృహమని జనం పిలుచుకున్న జగ్లూల్ ఇల్లు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా దేశాన్ని ఏలలేదు. కానీ ఏ రెండు కలిసినా మూడోదాన్ని గద్దె దించగలిగేవి. వఫ్ద్‌కు ఓట్లున్నాయి, తుపాకులు లేవు. రాజుకు తొలగించే అధికారముంది, జనం లేరు. బ్రిటిష్ వారికి సైన్యముంది, కానీ స్వతంత్ర దేశమని తామే ప్రకటించారు కనుక నేరుగా పాలించడానికి వీల్లేదు. ఈ అమరికను పట్టుకుంటే ఆ ముప్పై ఏళ్ళ మంత్రివర్గాల రాకపోకలు అయోమయంగా కనిపించవు.

మొదటి ఆవృత్తం పది నెలల్లోనే పూర్తయింది. 1924 జనవరి ఎన్నికల్లో వఫ్ద్ దాదాపు తొంభై శాతం స్థానాలు గెలిచి, జగ్లూల్ ప్రధాని అయ్యాడు. నవంబరులో సూడాన్ గవర్నర్ జనరల్, ఈజిప్టు సైన్యాధిపతి అయిన సర్ లీ స్టాక్‌ను కైరో వీధిలో కాల్చి చంపారు. హైకమిషనర్ అలెన్‌బీ ఐదు లక్షల పౌండ్ల జరిమానా కట్టాలని, ఈజిప్టు సైన్యం సూడాన్ నుంచి తప్పుకోవాలని హుకుం జారీ చేశాడు. జగ్లూల్ రాజీనామా చేశాడు. తర్వాత ఏర్పడిన రాజభవన అనుకూల ప్రభుత్వం ఎన్నికల్లో ఎంత జోక్యం చేసుకున్నా, 1925 మార్చిలో సమావేశమైన కొత్త సభ జగ్లూల్‌నే తన అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆ సభను రాజు ఆ రోజే రద్దు చేశాడు. పొద్దున్న కూర్చున్న సభ రాత్రికి లేదు.

1930లో ఈ తగవు ఇంకా మొరటు రూపం తీసుకుంది. జగ్లూల్ 1927లో మరణించాడు. ఆయన వారసుడు ముస్తఫా నహాస్ మంత్రివర్గం జూన్‌లో కూలిపోగా, ఇస్మాయిల్ సిద్కీ ప్రధాని అయ్యాడు. మేధావి, ఆర్థిక వ్యవహారాల్లో దిట్ట, జనాభిప్రాయాన్ని ఏమాత్రం లెక్కచేయని మనిషి. సభ సమావేశం కాకుండా పార్లమెంటు భవనం గేట్లకు గొలుసులు వేయించాడు. స్పీకర్ వీసా వాసిఫ్ పార్లమెంటు సిబ్బందిని పిలిచి ఆ గొలుసులు పగలగొట్టించి, సభ్యులను లోపలికి నడిపించాడు. కోప్టిక్ క్రైస్తవుడైన ఆయనకు ఆ రోజు నుంచి గొలుసులు తెంచినవాడన్న పేరు నిలిచిపోయింది. కానీ సిద్కీ ఆగలేదు. 1923 రాజ్యాంగాన్నే రద్దుచేసి, రాజు అధికారాలు పెంచుతూ, ఓటర్లు నేరుగా కాక మధ్యవర్తుల ద్వారా ఎన్నుకునే కొత్త రాజ్యాంగం తెచ్చాడు.

సిద్కీ కాలపు కక్షలు చచ్చినవాళ్ళను కూడా వదల్లేదు. జగ్లూల్ కోసం ఫరోల కాలపు శైలిలో కైరోలో పెద్ద సమాధి మందిరం కట్టారు. అది తయారయ్యే సమయానికి సిద్కీ ప్రభుత్వం దాన్ని ఒక్క జగ్లూల్‌కే ఇవ్వడం ఇష్టంలేక, దేశంలోని గొప్పవాళ్ళందరికీ ఉమ్మడి సమాధి చేద్దామంది. జాతి మాతగా పేరున్న జగ్లూల్ భార్య సఫియా ఒప్పుకోలేదు. అప్పుడు ప్రభుత్వం పురాతన రాజుల మమ్మీలను తెచ్చి ఆ మందిరంలో పెట్టించింది. 1936లో వఫ్ద్ మళ్ళీ అధికారంలోకి వచ్చాకే మమ్మీలు బయటికి, జగ్లూల్ లోపలికి మారారు.

1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తడంతో లెక్కలు మారాయి. పడమట లిబియాలోనూ దక్షిణాన ఇథియోపియాలోనూ ముస్సోలినీ సైన్యాలున్నప్పుడు, మధ్యలో ఉన్న ఈజిప్టు కోపంగా ఉండటం బ్రిటన్‌కు క్షేమం కాదు. కైరో విద్యార్థుల ఊరేగింపుల మీద పోలీసులు కాల్పులు జరిపిన ఆ ఏడాది చివర పాత రాజ్యాంగం తిరిగివచ్చింది. 1936 ఆగస్టులో నహాస్ ఒప్పందం మీద సంతకం చేశాడు. శాంతికాలంలో బ్రిటిష్ సైన్యం పదివేల మందికి పరిమితమై సూయజ్ కాలువ ప్రాంతానికి తరలాలి, హైకమిషనర్ రాయబారిగా మారాలి, యుద్ధమొస్తే ఈజిప్టు సహకరించాలి. ఆ తర్వాత విస్తరించిన ఈజిప్టు సైన్యానికి కొత్త అధికారులు కావలసి వచ్చి, అంతవరకు పెద్దింటి పిల్లలకే తలుపు తీసిన సైనిక కళాశాల చిన్న ఉద్యోగుల పిల్లలను కూడా చేర్చుకోవడం మొదలుపెట్టింది. తపాలా శాఖ ఉద్యోగి కొడుకైన గమాల్ అబ్దుల్ నాసర్ 1937లో అలా చేరాడు. వఫ్ద్ తనకు తెలియకుండానే తన తర్వాతివాళ్ళను పెంచిందన్నమాట.

అంతకు ముందటి ఏడాది, 1936లో, పదహారేళ్ళ ఫారూక్ గద్దెనెక్కాడు. తండ్రి ఫువాద్ ఇటలీలో పెరిగినవాడు, అరబ్బీ సరిగ్గా వచ్చేది కాదు. ఫారూక్ రేడియోలో చక్కని అరబ్బీలో మాట్లాడేసరికి జనం మురిసిపోయారు. శుక్రవారం నమాజులకు వెళ్ళే అందమైన కుర్రరాజు మీద అప్పట్లో నిజమైన ప్రేమ ఉండేదన్న సంగతిని తర్వాతి వెక్కిరింతలు కప్పేశాయి. 1937లో పట్టాభిషేకం మసీదు పెద్దల చేతుల మీదుగా, వంశస్థాపకుడి కత్తితో జరగాలని రాజభవనం పట్టుబట్టింది. రాజు ప్రమాణం చేయవలసింది పార్లమెంటులోనే అని నహాస్ తేల్చిచెప్పి నెగ్గాడు. చూడటానికి వేడుక గురించిన పేచీయే కాని, రాజుకు అధికారం దేవుడి దగ్గర నుంచి వస్తుందా, సభ దగ్గర నుంచి వస్తుందా అన్నదే దాని సారం. డిసెంబరు ఆఖరుకు ఫారూక్ నహాస్‌ను పదవి నుంచి తొలగించాడు.

అబ్దీన్ భవనం, 1942 ఫిబ్రవరి 4

1942 జనవరి చివర జర్మన్ సేనాని రొమ్మెల్ లిబియాలోని బెంఘాజీని మళ్ళీ పట్టుకున్నాడు. కైరోలో రొట్టెలు దొరకడం లేదు, విద్యార్థులు రొమ్మెల్‌కు జేజేలు కొడుతున్నారు, ప్రధానమంత్రి రాజీనామా చేశాడు. జనాన్ని అదుపులో పెట్టగలిగేది నహాస్ ఒక్కడేనని బ్రిటిష్ రాయబారి మైల్స్ లాంప్సన్ నిర్ణయానికొచ్చి, సాయంత్రం ఆరు గంటల్లోగా నహాస్‌ను పిలవకపోతే పర్యవసానాలకు రాజే బాధ్యుడని కబురు పంపాడు. ఫారూక్ నాయకులందరినీ పిలిచి సంప్రదించి, ఇది దేశ స్వాతంత్ర్యానికి విరుద్ధమని జవాబిచ్చాడు. రాత్రి తొమ్మిది గంటలకు ట్యాంకులు భవనాన్ని చుట్టుముట్టాయి. ఆరున్నర అడుగులకు కాస్త తక్కువగా ఉండే లాంప్సన్ సైన్యాధికారిని వెంటబెట్టుకుని రాజు గదిలోకి నడిచి, గద్దె వదులుతున్నట్టు రాసి ఉంచిన కాగితాన్ని ముందు పెట్టాడు. ఇంకో వారానికి ఇరవై రెండేళ్ళు నిండబోయే ఫారూక్, ఆ కాగితం ఇంత నాసిరకంగా ఉందేమని అడిగి, కలం పట్టుకుని తటపటాయించాడు. పక్కనున్న సలహాదారు అరబ్బీలో ఏదో చెప్పాడు. ఇంకో అవకాశమివ్వండి, నహాస్‌ను ఇప్పుడే పిలుస్తానని రాజు అన్నాడు.

ఆ రాత్రి ముగ్గురూ ఓడారని నా అంచనా. రాజు అవమానం పాలై, క్రమంగా రాత్రి జీవితంలో మునిగిపోయాడు. జాతీయోద్యమ పార్టీ పరాయి ట్యాంకుల మీద ఎక్కి అధికారంలోకి వచ్చిందన్న మచ్చ వఫ్ద్‌కు ఎన్నటికీ పోలేదు. పైపెచ్చు ఆ ఏడాదే నహాస్ కుడిభుజమైన మక్రమ్ ఒబైద్ పార్టీలోంచి బయటపడి, మరుసటి ఏడాది సొంతవాళ్ళ అవినీతిని వరసగా జాబితా కట్టి ప్రచురించాడు. ఇక బ్రిటిష్ వారికి యుద్ధం వరకు పని జరిగింది, కానీ కాలువ ప్రాంతాన్ని మర్యాదగా నిలుపుకునే దారి మూసుకుపోయింది. యువ సైనికాధికారులకు సంస్థలు, పార్టీలు, రాజు అందరూ ఒక్క రాత్రిలోనే చులకనయ్యారు.

టోపీలు, పాటలు, ఓ పుస్తకం

ఇంత గందరగోళంలోనూ, బహుశా ఇంత గందరగోళం వల్లనే, సంస్కృతి చిగురించింది. ఏ పక్షానికీ పూర్తి పట్టు లేని చోట పత్రికకు ఎవరో ఒకరి అండ దొరికేది, తరిమేయబడిన రచయితకు ఇంకో పత్రికలో చోటుండేది. ఖలీఫా పదవి విషయంలో జరిగిన రభస దీనికి మంచి ఉదాహరణ. 1924లో తుర్కీ ఆ పదవిని రద్దు చేయగానే, ఫువాద్ కళ్ళు దాని మీద పడ్డాయి. మరుసటి ఏడాది అలీ అబ్దుల్ రాజిక్ అనే మతన్యాయమూర్తి, ఇస్లాంకు ఖలీఫా తప్పనిసరి కాదని వాదిస్తూ చిన్న పుస్తకం రాశాడు. అల్ అజ్హర్ పెద్దలు ఆయన పండిత పట్టాను రద్దు చేశారు. ఆ తీర్పును అమలు చేయడానికి తాత్సారం చేసిన న్యాయశాఖ మంత్రి పదవి పోయింది, సంకీర్ణ ప్రభుత్వమే చీలిపోయింది. మత చర్చగా మొదలైనది రాజు ఆశకూ, ఒక రాజకీయ పక్షానికీ మధ్య తగవుగా తేలింది. ఆ ఖలీఫా కథకు మన వైపు కొస ఒకటుంది. తుర్కీ వెళ్ళగొట్టిన ఆఖరి ఖలీఫాకు భరణం పంపినవాళ్ళలో హైదరాబాద్ నిజాం ముఖ్యుడు. ఆ ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నిజాం పెద్దకొడుకును పెళ్ళాడింది. పాతబస్తీలో ఆమె పేరుతో నేటికీ ఆస్పత్రి ఉంది. ఫువాద్‌కు మాత్రం ఆ పదవి దక్కలేదు. 1926లో కైరోలో జరిగిన సమావేశం ఏమీ తేల్చకుండా ముగిసింది.

చూపులేని పండితుడు తాహా హుస్సేన్ కథ కూడా ఇలాంటిదే. ఇస్లాంకు పూర్వపు కవిత్వంలో చాలాభాగం తర్వాత కాలంలో కల్పించినదని 1926లో వాదించినందుకు ఆయన మీద కేసు దాకా వెళ్ళింది. 1932లో సిద్కీ ప్రభుత్వం ఆయనను విశ్వవిద్యాలయం నుంచి తప్పించింది. అందుకు నిరసనగా విశ్వవిద్యాలయాధిపతి అహ్మద్ లుత్ఫీ సయ్యద్ రాజీనామా చేశాడు. అదే తాహా హుస్సేన్ 1950లో వఫ్ద్ ప్రభుత్వంలో విద్యామంత్రిగా వచ్చి, చదువు గాలీ నీరూ లాంటిదంటూ ఉన్నత పాఠశాల చదువును ఉచితం చేశాడు.

పట్టణాల్లో ఈ కాలానికి సొంతదారులు ఎఫెందీలు: పాశ్చాత్య దుస్తులు, నెత్తిన ఎర్ర తర్బూష్ టోపీ, చేతిలో పత్రిక, ప్రభుత్వ ఉద్యోగమో దాని మీద ఆశో ఉన్న చదువుకున్న మధ్యతరగతివాళ్ళు. అతాతుర్క్ 1925లో తుర్కీలో నిషేధించిన ఆ టోపీ ఈజిప్టులో జాతీయ చిహ్నమై కూర్చుంది. చిక్కల్లా అది ఆస్ట్రియా నుంచి దిగుమతి కావడమే. 1931లో విద్యార్థులు తలా ఒక పియాస్తర్ (పౌండులో నూరో వంతు) చందా వేయమని దేశమంతా తిరిగి, ఆ చిల్లర డబ్బుతో తర్బూష్ ఫ్యాక్టరీ పెట్టించారు. దాన్ని నడిపించిన అహ్మద్ హుస్సేన్ 1933లో ఆకుపచ్చ చొక్కాల యువదళాన్ని స్థాపించి, ఐరోపా నియంతల పోకడలను అనుకరించాడు. పోటీగా వఫ్ద్ నీలి చొక్కాల దళాన్ని దింపింది. కాలువ కంపెనీ పట్టణమైన ఇస్మాయిలియాలో బడి పంతులు హసన్ అల్ బన్నా 1928లో మొదలుపెట్టిన ముస్లిం బ్రదర్‌హుడ్ ఈలోగా వీళ్ళందరినీ మించి పెరిగింది. మంత్రివర్గాలు మారడం తప్ప బతుకులు మారడం చూడని ఎఫెందీ కొడుకులు పార్లమెంటు బయట దారులు వెతుక్కున్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

విదేశీ పెట్టుబడి విషయం వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది. క్లుప్తంగా చెప్పాలంటే, ఒట్టొమాన్ కాలపు ఒప్పందాల వల్ల ఈజిప్టులోని ఐరోపావాళ్ళ మీద వాళ్ళ ప్రభుత్వాల అనుమతి లేకుండా పన్ను వేయడానికి లేదు. నేరం చేస్తే వాళ్ళ రాయబార కార్యాలయమే విచారించేది. గ్రీకు దేశస్థుడి ఇంట్లో మత్తుమందు దాచారని తెలిసినా, ఈజిప్టు పోలీసు ఆ దేశపు ప్రతినిధి వెంట లేకుండా గడప దాటలేడు. 1937లో మాంత్రో ఒప్పందంతో ఇది రద్దయింది. ఈ వ్యవస్థకు జవాబుగా తలాత్ హర్బ్ 1920లో ఈజిప్టు వాటాదారులతోనే మిస్ర్ బ్యాంకు పెట్టి, దాని కింద మహల్లాలో నూలు మిల్లు నుంచి విమాన సంస్థ వరకు నెలకొల్పాడు. 1935లో తెరుచుకున్న మిస్ర్ స్టూడియో అరబ్బీ సినిమాకు ఇల్లయింది. 1934లో ప్రభుత్వ రేడియో మొదలయ్యాక, నెలకొక గురువారం రాత్రి ఉమ్ కుల్సూమ్ కచేరీ ప్రసారమయ్యేది. నైలు డెల్టాలోని పల్లెలో మసీదు ఇమాం ఇంట పుట్టి, చిన్నప్పుడు మగపిల్లాడి వేషంలో పాడిన ఆమెకు, 1944లో ఫారూక్ రాచకుటుంబపు స్త్రీలకు ఇచ్చే బిరుదును ప్రదానం చేశాడు. రాకుమార్తెలు మొహాలు ముడుచుకున్నారు.

స్త్రీల విషయంలో ఈ కాలం మాట ఒకటి, చేత ఒకటి. 1919 ఊరేగింపు నడిపిన హుదా షారావి 1923లో స్త్రీల సంఘం స్థాపించి, రోమ్ మహిళా సదస్సు నుంచి తిరిగివచ్చి కైరో రైల్వేస్టేషన్‌లో అందరి ఎదుట ముఖపరదా తీసింది. ఆ ఏడాదే ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు పదహారని చట్టమొచ్చింది. కానీ తాము వీధుల్లో తెచ్చిన స్వాతంత్ర్యం రాసిన రాజ్యాంగంలో తమకే ఓటు లేదు. 1924లో పార్లమెంటు ప్రారంభోత్సవం రోజున ఆమె సహచరులు బయట నిలబడి నిరసన తెలపవలసి వచ్చింది.

ముగ్గురూ కలిసి మౌనం వహించిన విషయం

రాజు, వఫ్ద్, బ్రిటిష్ వారు పోట్లాడని అంశం ఒక్కటే: భూమి. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా అంతర్యుద్ధం తెచ్చిన పత్తి గిరాకీ నుంచి ఈజిప్టు ఎగుమతుల్లో సింహభాగం పత్తిదే. ఏడాది పొడవునా కాలువల్లో నీళ్ళు పారించడంతో పంటలు పెరిగాయి, వాటితోపాటు నీటినత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా రోగం పొలంలో కాలుపెట్టిన ప్రతి రైతు ఒంట్లోకీ చేరింది. ఫెద్దాన్ అంటే ఎకరం కన్నా కాస్త ఎక్కువ. 1952 నాటికి భూయజమానుల్లో 94 శాతం మందికి ఐదు ఫెద్దాన్ల లోపే ఉండేది, వాళ్ళందరి చేతిలో ఉన్నది 35 శాతం భూమి. రెండు వందల ఫెద్దాన్లు దాటినవాళ్ళు రెండువేల పైచిలుకు మంది, వాళ్ళ చేతిలో దాదాపు ఐదో వంతు ఉండేది. దేశంలోకెల్లా పెద్ద భూస్వామి రాజే. జగ్లూల్ నాటి ఉద్యమంలో వెనక నిలబడ్డ గ్రామీణ పెద్దలు, వఫ్ద్ నిధులు సమకూర్చేవాళ్ళు, సెనేటర్లు అంతా ఆ తరగతివాళ్ళే. ఏటా 150 పౌండ్ల భూమి శిస్తు కట్టడం సెనేట్ సభ్యత్వానికి అర్హతల్లో ఒకటిగా రాజ్యాంగంలోనే రాసి ఉంది.

పెద్ద ఎస్టేట్లలో కూలీ కుటుంబానికి జీతం బదులు మొక్కజొన్న, పశుగ్రాసం వేసుకునేందుకు ఓ చెక్క నేల ఇచ్చేవారు. దానికి బదులుగా దొర పత్తి చేలో పని చేయాలి. పల్లె పేదరికం పట్టణ పత్రికల్లో చర్చకు రాలేదని కాదు. 1941లో రాజు పేరుమీద చెప్పుల్లేని కాళ్ళకు చెప్పులు తొడిగించే పథకం కూడా నడిచింది. చెప్పులు ఎందుకు కొనుక్కోలేకపోతున్నారన్న ప్రశ్న మాత్రం ఆ పథకంలో లేదు. 1942 తర్వాత ఎగువ ఈజిప్టులో మలేరియా ప్రబలి లక్షకు పైగా మందిని చంపిందని అంచనాలున్నాయి. ప్రభుత్వం మొదట దాన్ని తగ్గించి చూపింది. 1944 ఫిబ్రవరిలో ఫారూక్ ఆ ప్రాంతాలకు వెళ్ళి, రోగుల మధ్య తిరిగి, నహాస్‌ను ఇరకాటంలో పెట్టాడు. నహాస్ కూడా వెంటనే తన పర్యటన వేసుకున్నాడు. చావుల మీద కూడా రాజభవనం, వఫ్ద్ పోటీపడ్డాయి తప్ప, పౌష్టికాహారం లేని కూలీలకు రోగం ఎందుకు త్వరగా సోకిందన్నది ఇద్దరికీ అడగదగ్గ ప్రశ్న కాలేదు.

అడిగినవాడు ముహమ్మద్ ఖత్తాబ్ అనే సెనేటర్. ఉన్నవాళ్ళ భూమి తీసుకోమని కూడా ఆయన అనలేదు. ఇకముందు ఎవరూ యాభై ఫెద్దాన్లకు మించి కొనకూడదని 1944లో బిల్లు పెట్టాడు, అంతే. అది సంఘాల మధ్య మూడేళ్ళు నలిగింది. 1947లో సెనేట్ దాన్ని తిరస్కరించింది.

ఆ తర్వాతి సంగతులు వేగంగా జరిగాయి. 1948లో పాలస్తీనాలో ఓటమి, డిసెంబరులో ప్రధాని నుక్రాషీ హత్య, 1949 ఫిబ్రవరిలో హసన్ అల్ బన్నా హత్య. 1950లో మళ్ళీ వఫ్ద్ గెలిచింది. 1951 అక్టోబరులో నహాస్ తాను సంతకం పెట్టిన ఒప్పందాన్ని తానే రద్దుచేశాడు. కాలువ ప్రాంతంలో గెరిల్లా పోరు మొదలై, 1952 జనవరి 25న ఇస్మాయిలియాలో బ్రిటిష్ సైన్యం యాభైమంది దాకా ఈజిప్టు పోలీసులను చంపింది. మర్నాడు కైరో నడిబొడ్డు తగలబడింది: షెపర్డ్స్ హోటల్, బార్క్లేస్ బ్యాంకు, సినిమా హాళ్ళు, పెద్ద దుకాణాలు. రాజు నహాస్‌ను తొలగించి, ఆరు నెలల్లో నాలుగు మంత్రివర్గాలను మార్చాడు. జులై 23న నాసర్ బృందం అధికారం చేజిక్కించుకుంటే, వీధిలోకి వచ్చి అడ్డుకున్నవాడు లేడు. మూడు రోజుల తర్వాత ఫారూక్ ఆరు నెలల కొడుకు పేర గద్దె వదిలి ఓడెక్కాడు.

సైనికాధికారులు మొదట గద్దెనెక్కించిన ప్రధాని అలీ మాహిర్ రాజభవనపు పాత మనిషి. భూపరిమితి పెట్టాలనేసరికి ఆయన వెనక్కి తగ్గి, సెప్టెంబరు 7న రాజీనామా చేశాడు. వఫ్ద్ నాయకులు కూడా ఆ ప్రతిపాదనను ఆమోదించలేదు. సెప్టెంబరు 9న రెండు వందల ఫెద్దాన్ల పరిమితి చట్టమైంది. సెనేట్ మూడేళ్ళు నాన్చి పారేసినదానికన్నా ఎంతో కఠినమైన చట్టం ఏ సభలోనూ చర్చకు రాకుండానే వచ్చింది, ఎందుకంటే అప్పటికి సభే లేదు. డిసెంబరులో 1923 రాజ్యాంగం రద్దయింది, 1953 జనవరిలో పార్టీలన్నీ రద్దయ్యాయి, జూన్ 18న రాచరికం పోయి రిపబ్లిక్ వచ్చింది. పార్లమెంటుకు మళ్ళీ ఎన్నికలు జరిగింది 1957లో. ఆ ఎన్నికల్లో స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు, ఇద్దరు స్త్రీలు గెలిచారు కూడా. పోటీలో నిలబడేందుకు మాత్రం ఏ పార్టీకీ అనుమతి లేదు, అభ్యర్థులను ప్రభుత్వమే వడకట్టింది.